తిరుగుతోందని ఎలా తెలుస్తుంది?

ఒక పల్లెటూరి బడిలో బొంగరాల గురించి చెప్పడానికి వెళ్ళినప్పటి సంగతి ఇది. చేతిలో ఏటికొప్పాక బొంగరం ఉంది. అంకుడు కర్ర, పైన లక్కపూత, నడుము చుట్టూ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలు. బల్ల మీద పెట్టి వేళ్ళతో గిర్రున తిప్పి వదిలాను. మొదట కాస్త ఊగింది. తర్వాత సర్దుకుని, నిటారుగా నిలబడి, ఉన్నచోటే నిద్రపోతున్నట్టు తిరగసాగింది. బొంగరం ఆటలో అంతకన్నా అందమైన ఘట్టం నాకు తెలియదు. సరిగ్గా అప్పుడే వెనక బెంచీలో కుర్రాడొకడు లేచి, "ఆగిపోయింది సార్" అన్నాడు.

ముందు బెంచీలో ఉన్న అమ్మాయి వెనక్కి తిరిగి, "లేదురా, తిరుగుతోంది. సౌండొస్తోంది చూడు" అంది. వాడికి సౌండు వినబడలేదు. వాడు కూర్చున్న చోటికి ఆ బొంగరం నిజంగానే ఆగిపోయినట్టుంది. నేను దగ్గరికి పిలిచి చూపించాను గానీ, అది జవాబు కాదు. గదిలో అందరికీ కనిపించాల్సిన విద్య, బల్ల పక్కన నిలబడ్డవాడికి మాత్రమే కనిపిస్తే చూపినట్టు ఎలా అవుతుంది? ఆ రోజు వాడికి ఇవ్వలేకపోయిన జవాబే ఈ అధ్యాయం.

తప్పు ముందుగా ఆ అందమైన పట్టీల్లో ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో కర్రను తరిణె మీద తిప్పుతూ, తిరిగే కర్రకు రంగు లక్కను ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆనించిన చోట చుట్టూరా ఒకే రంగు వస్తుంది. తిరుగుతూ పుట్టిన ఆ పట్టీ, తిరిగినా ఆగినా ఒకేలా ఉంటుంది. దానిలో ఏ చోటు చూసినా పక్క చోటులాగే ఉంటుంది కాబట్టి, ఒక చోటు వెళ్ళి మరో చోటు వచ్చిందని కంటికి తెలిసే దారి లేదు. కన్ను కదలికను నేరుగా పట్టుకోదు, తేడాను పట్టుకుంటుంది. తేడా లేని చోట ఎంత వేగమున్నా దానికి ఏమీ అందదు. బొంగరం కాస్త ఊగుతున్నంతసేపు ఆ ఊపు చూసి తిరుగుతోందని ఊహిస్తాం. ఊపు ఆగి, ఆట పరిపూర్ణమైన క్షణానే ఆ ఆధారం కూడా పోతుంది.

దీపావళి నాడు ముంగిట్లో తిరిగే భూచక్రాన్ని చూసి ఆగిపోయిందని ఎవరూ అనరు. అదీ ఒక రకం బొంగరమే. కానీ నిప్పురవ్వలను బయటికి విసురుతుంది. ప్రతి రవ్వా తను బయల్దేరిన క్షణంలో చక్రం ఏ దిక్కుకు తిరుగుతోందో దానికి ఎదురు దిక్కుకు దూకుతుంది. చక్రం తన తిరుగుడును తనలో దాచుకోకుండా గాలిలో రాసి చూపిస్తుంది. కర్ర బొంగరానికి అలాంటి నోరు లేదు. మనమే ఇవ్వాలి.

అయితే నిలువు గీతలు గీస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. నాకూ అదే తోచి, బొంగరం చుట్టూ పన్నెండు తెల్ల గీతలు నిలువుగా గీశాను. తిప్పగానే గీతలన్నీ మాయమై, లేత బూడిదరంగు పొర ఒకటి మిగిలింది. పట్టీలున్నప్పటికన్నా అన్యాయం.

ఇక్కడ కంటి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. చీకట్లో కాకరపువ్వొత్తిని గిరగిరా తిప్పితే వెలుగు వలయం కనిపిస్తుంది. కొరివి తిప్పితే ఏర్పడే ఈ వలయానికి మన తాత్త్వికులు అలాతచక్రం అని పేరు పెట్టారు. గౌడపాదుడి మాండూక్య కారికల్లో నాలుగో ప్రకరణం పేరే అలాతశాంతి. లేని వలయం ఉన్నట్టు కనబడటాన్ని ఆయన జగత్తు గురించిన వాదానికి ఉపమానంగా వాడుకున్నాడు. అదే వలయాన్ని 1765లో పాట్రిక్ డార్సీ అనే ఆయన ఫ్రాన్సులో గడియారం పట్టి కొలిచాడు. కణకణలాడే నిప్పుబొగ్గును చీకట్లో యంత్రంతో తిప్పి, వలయం తెగకుండా కనిపించాలంటే ఒక చుట్టు ఎంతసేపట్లో పూర్తవ్వాలో చూశాడు. దాదాపు 0.13 సెకను తేలింది. అంటే సెకనుకు ఏడెనిమిది చుట్లు తిప్పితే చీకట్లో నిప్పు గుండ్రని గీతైపోతుంది.

పగటి వెలుగులో కన్ను ఇంతకన్నా చురుకు. బాగా వెలుతురున్న చోట ఒక పెద్ద వెలుగు మచ్చ సెకనుకు 50, 60 సార్లు వెలిగి ఆరేదాకా ఆ రెపరెపను పట్టుకోగలదు. ఆపైన అన్నీ కలిసిపోతాయి. మసక వెలుగులో ఈ హద్దు పదిహేను, ఇరవైకి దిగిపోతుంది. కలిసిపోయాక కనిపించేది సరాసరి మాత్రమే. సగం నలుపు, సగం తెలుపు ఉన్న పళ్ళెం వేగంగా తిరిగితే, తెలుపులో సగం వెలుగున్న బూడిదరంగుగా కనిపిస్తుంది. కంటికి చేరే వెలుగు పద్దులో అంతే జమ ఉంటుంది.

ఇప్పుడు తాడుతో విసిరిన బొంగరాన్ని లెక్కలోకి తీసుకుందాం. తాడు చుట్టిన చోట సగటు చుట్టుకొలత 11 సెంటీమీటర్లు అనుకోండి. లాగే చెయ్యి చివరికొచ్చేసరికి తాడు సెకనుకు 4 మీటర్ల వేగంతో జారితే, బొంగరం సెకనుకు 36 చుట్లు తిరుగుతుంది. దాని మీద ఒకే ఒక్క తెల్ల మచ్చ ఉంటే చూసేవాడికి సెకనుకు 36 మెరుపులు. ఎండలో, దగ్గర్నుంచి చూస్తే ఆ రెపరెప తెలుస్తుంది. నాలుగు మచ్చలుంటే 144 మెరుపులు. నేను గీసిన పన్నెండు గీతలకు 432. గుర్తులు పెరిగినకొద్దీ చూపు తగ్గిపోతుంది. కాబట్టి పెట్టాల్సింది ఒకే గుర్తు, వీలైనంత పెద్దది. సగం నలుపు, సగం తెలుపు అన్నింటికన్నా మేలు.

ఎరుపు సగం, ఆకుపచ్చ సగం వేస్తే ఇంకా అందంగా ఉండదా అని పిల్లలు అడుగుతారు. ఆగి ఉన్నప్పుడు ఉంటుంది. తిరిగేటప్పుడు మాత్రం రంగుల మార్పును కన్ను వెలుగుచీకట్ల మార్పు కంటే చాలా ముందే వదిలేస్తుంది. ఒకే పాటి వెలుగున్న రెండు రంగులు సెకనుకు ఇరవై పాతిక సార్లు మారితే చాలు, కలిసిపోయి ఒకే బురద రంగు అవుతాయి. అదే వేగంలో నలుపు తెలుపుల రెపరెప ఇంకా బతికే ఉంటుంది. సంతలో కొన్న రంగురంగుల బొంగరం తిప్పగానే వెలవెలబోయేది ఇందుకే. నలుపు తెలుపుల్లోనూ ఒక చిత్రముంది. 1894లో చార్ల్స్ బెన్హామ్ అనే ఇంగ్లీషాయన అమ్మకానికి తెచ్చిన నలుపు తెలుపు బొంగరం నెమ్మదిగా తిరిగితే దాని మీద లేని రంగులు కనిపిస్తాయి. చూసే ఒక్కొక్కరికి అవి ఒక్కోలా ఉంటాయి. ఇంట్లో కూర్చుని చూడటానికి అంత మంచి బొమ్మ లేదు. సభలో అందరికీ ఒకే సంగతి చూపాలనుకునేవాడికి అది పనికిరాదు.

వెనక బెంచీ దగ్గరికి వద్దాం. రెపరెపను పట్టుకునే హద్దు వెలుతురును బట్టే కాదు, వస్తువు కంటికి ఎంత పెద్దదిగా ఆనుతోందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. పెద్ద మచ్చ రెపరెప ఎక్కువ వేగం దాకా తెలుస్తుంది. చిన్న మచ్చది త్వరగా కలిసిపోతుంది. ఒకే బొంగరం, ఒకే వేగం, అయినా ముందు వరుసకు రెపరెపలాడుతున్నది వెనక వరుసకు నునుపుగా, నిశ్చలంగా కనిపించవచ్చు. ఈ సంగతి తెలిసినప్పుడు ఆ కుర్రాడి ముఖం గుర్తొచ్చి నాకు చాలాసేపు బాధగా అనిపించింది. ముందు వరుసవాళ్ళు చూసింది నిజం, వాడు చూసిందీ నిజం. ఇద్దరికీ వేర్వేరు బొంగరాలు కనిపించాయి, అంతే.

ఎంత చిన్నదవుతుందో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. 5 సెంటీమీటర్ల బొంగరం 20 మీటర్ల దూరం నుంచి పున్నమి చందమామలో మూడో వంతు కూడా ఉండదు. చందమామంత కనబడాలంటే దాదాపు 20 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. మేడ మీద నుంచి చందమామ మీది మచ్చలను గుర్తుపట్టడం ఎంత కష్టమో తలచుకుంటే, వేదిక మీద చిన్న బొంగరం పెట్టి "చూడండి" అనడం ఎంత పెద్ద కోరికో తెలుస్తుంది.

బొంగరాన్ని వెడల్పు చేస్తే ఇంకో మేలు కూడా జరుగుతుంది. ఈ అధ్యాయంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన లెక్క ఇదే. బొంగరం నిద్రపోవాలంటే ఒక కనీస వేగం కావాలి. అంతకన్నా తగ్గితే ఊగడం మొదలవుతుంది. ఆ కనీస వేగం బరువు ఎక్కడుందన్న దాని మీద ఆధారపడుతుంది. బరువు మధ్య ఇరుసుకు దూరంగా అంచుల్లో ఉంటే, నేలకు దగ్గరగా ఉంటే, తక్కువ వేగం చాలు. మన చేతి బొంగరం సన్నగా పొడుగ్గా ఉంటుంది. అడ్డంగా 5 సెంటీమీటర్లు, గరిమనాభి మొన నుంచి మూడున్నర సెంటీమీటర్ల ఎత్తు అనుకుంటే, నిటారుగా నిలవడానికి సెకనుకు దాదాపు 30 చుట్లు కావాలి. 20 సెంటీమీటర్ల పలుచని పళ్ళేన్ని 3 సెంటీమీటర్ల ఎత్తులో నిలబెడితే, గాలినీ రాపిడినీ పక్కన పెట్టి లెక్కేస్తే, సెకనుకు రెండు చుట్లు చాలు! ముప్పై చుట్లను వెనక బెంచీ కన్ను అందుకోలేదు. రెండు చుట్లను ఎవరైనా వేళ్ళ మీద లెక్కపెట్టగలరు. వేగాన్ని చూపించలేకపోతే, వేగం అక్కర్లేని బొంగరం చెయ్యాలి. కంటి సమస్యకు చెక్కపనిలో జవాబు దొరకడం నాకెప్పుడు తలచుకున్నా సంతోషంగా ఉంటుంది.

తిరుగుతోందని తెలిశాక, ఏ దిక్కుకు తిరుగుతోందన్నది ఇంకో ప్రశ్న. సగం నలుపు పళ్ళెం రెపరెప చూపిస్తుంది గానీ, దిక్కు చెప్పదు. దానికి సుడి గీత కావాలి, నత్త గుల్ల మీద ఉన్నట్టు. మధ్య నుంచి అంచుకు విచ్చుకునే సుడిని ఒక దిక్కుకు తిప్పితే బయటికి పొంగుతున్నట్టు, రెండో దిక్కుకు తిప్పితే లోపలికి ఇంకుతున్నట్టు కనిపిస్తుంది. శంషాబాద్‌లోనో గన్నవరంలోనో విమానం ఎక్కేవాళ్ళు ఇంజన్ ముందు ముక్కు మీద తెల్లని సుడి గీత చూసే ఉంటారు. దాన్ని అలంకారం అనుకోవద్దు. తిరిగే ఇంజన్‌ దగ్గరికి వెళ్ళడం ప్రాణాపాయం. విమానాశ్రయపు రొదలో ఏ ఇంజన్ నడుస్తోందో చెవి చెప్పలేదు. నేల మీద పనిచేసేవాళ్ళకు ఒక్క చూపులో తెలియడానికి ఆ గీత.

తలకిందులయ్యే బొంగరం సంగతి వేరు. పుట్టగొడుగు ఆకారంలో, మీద చిన్న కాడతో ఉంటుంది. తిప్పితే కాసేపటికి తనంతట తాను బోర్లపడి కాడ మీద నిలబడి తిరుగుతుంది. స్వీడన్‌లోని లుండ్‌లో 1950ల్లో తీసిన ఒక ఫొటోలో నీల్స్ బోర్, వుల్ఫ్‌గాంగ్ పౌలీ ఇద్దరూ నడుములు వంచి నేల మీద ఆ బొంగరాన్నే చూస్తుంటారు. ఇద్దరూ నోబెల్ బహుమతి అందుకున్నవాళ్ళు, ముఖాలు చూస్తే బడిపిల్లల్లా ఉంటాయి. ఈ విద్యలో చూపాల్సింది తిరుగుడు కాదు, కిందిది పైకి రావడం. దానికి ఏటికొప్పాక పట్టీలే దివ్యంగా సరిపోతాయి. కింది సగం ఎరుపు, పై సగం తెలుపు వేస్తే చాలు. తిరిగినా చెదరవు, తలకిందులైన క్షణం గదంతా చూస్తుంది. కాబట్టి నేను మొదట పట్టీలను తప్పు పట్టింది పూర్తిగా న్యాయం కాదు. ఏ కదలికను చూపాలనుకుంటున్నామో ముందు తేల్చుకుని, ఆ ఒక్క కదలికకు లొంగే గుర్తునే పెట్టాలి. మిగతావి చెదరకుండా ఉండాలి.

ఈ పని ఎంత లోతుగా చెయ్యవచ్చో 1857లో ఒక పాతికేళ్ళ ప్రొఫెసరు చూపించాడు. స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్‌లో పాఠాలు చెబుతున్న జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్‌కు బొంగరాలంటే అంతకుముందు నుంచే మక్కువ. 1855లో రంగు కాగితాల ముక్కలను బొంగరం మీద అమర్చి తిప్పి, ఏ రంగులు ఏ పాళ్ళలో కలిస్తే బూడిదరంగు వస్తుందో అంకెల్లో రాశాడు. మనం ఇందాక తిట్టుకున్న కలగాపులగాన్ని ఆయన కొలిచే సాధనంగా మార్చుకున్నాడు. రెండేళ్ళ తర్వాత ఆ రంగుల పళ్ళేన్నే మరో పనికి పెట్టాడు. ఈసారి చూపాల్సింది మామూలు కంటికి ఎన్నడూ కనిపించనిది: తిరిగే వస్తువు ఆ క్షణాన నిజంగా ఏ గీత చుట్టూ తిరుగుతోంది అన్నది.

అదేమిటి, ఇరుసు చుట్టూనే కదా అనిపిస్తుంది. బొంగరం నిశ్చలంగా ఉన్నప్పుడు అంతే. ఇరుసును వేలితో కాస్త తట్టితే ఇక అంతే కాదు. అప్పుడు తిరిగే గీత ఇరుసుకు కొంచెం పక్కకు జరుగుతుంది, జరిగి బొంగరం దేహంలోనే చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఆ గీతకు కర్రా లేదు, కమ్మీ లేదు. లేని గీతను చూపడం ఎలా?

తిరగలిని తలచుకోండి. రాయంతా తిరుగుతుంటే మధ్య గూటం ఉన్న చోటు ఒక్కటే కదలదు. మాక్స్‌వెల్ ఆబర్డీన్‌లో రామేజ్ అనే పనివాడి చేత గంట ఆకారంలో ఇత్తడి బొంగరం చేయించాడు. అది సరిగ్గా తన గరిమనాభి దగ్గరే మొన మీద ఆనుతుంది. అంచు చుట్టూ మరలున్నాయి, వాటిని అటూ ఇటూ తిప్పి బరువు సర్దవచ్చు. ఇరుసు పైకొసన ఒక అట్ట పళ్ళెం. దాన్ని నాలుగు భాగాలు చేసి ఎరుపు, పసుపు, పచ్చ, నీలం వేశాడు. బొంగరం ఇరుసు చుట్టూ చక్కగా తిరుగుతున్నంతసేపు కదలని చోటు నాలుగు రంగులూ కలిసే నట్టనడుమ ఉంటుంది. కాబట్టి పళ్ళెమంతా బూడిదరంగు. తట్టగానే కదలని చోటు పక్కకు జరిగి ఏదో ఒక రంగు భాగంలో పడుతుంది. ఆ చోట ఆ రంగు ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది. బూడిదరంగు మధ్యలోంచి ఎర్రని చుక్క భగ్గుమంటుంది. కాసేపటికి అది పసుపవుతుంది, పచ్చ అవుతుంది, నీలం అవుతుంది, మళ్ళీ ఎరుపు. గీత దేహంలో ఏ దారిన పోతోందో రంగుల వరస చెబుతుంది. మరలు తిప్పి బరువు మారిస్తే వరస తిరగబడుతుంది. అంతటితో ఆగక, రంగుల మీద సిరాతో వలయాలు, పెన్సిల్‌తో పన్నెండు వ్యాసార్ధాలు కూడా గీశాడు. సిరాకు మెరుపు లేదు, పెన్సిల్ గీతకు ఉంది. చుక్క ఏ గీతను దాటుతోందో ఆ తేడాను బట్టి గుర్తుపట్టి, దారిని కొలిచి, గణితంతో సరిచూడవచ్చు.

తిరిగే దేనికైనా ఇదే వర్తిస్తుంది, భూమికి కూడా. ధ్రువం భూమి మీద ఒకే చోట ఉండకుండా చిన్న వలయంలో తిరుగుతూ ఉండాలని మాక్స్‌వెల్ తన వ్యాసంలోనే రాశాడు. 1891లో అమెరికాలో సెత్ చాండ్లర్ నక్షత్రాల కొలతల్లోంచి ఆ కదలికను పట్టాడు. దాదాపు పద్నాలుగు నెలలకు ఒక చుట్టు, కొన్ని మీటర్ల వెడల్పు. అట్ట మీది ఎర్రని చుక్కకూ ఉత్తర ధ్రువానికీ ఉన్న చుట్టరికం అది.

బొంగరం చేయించిన 1857లోనే మాక్స్‌వెల్ దాన్ని కేంబ్రిడ్జికి తీసుకెళ్ళి, ఒక సాయంత్రం తన గదిలో స్నేహితులకు చూపించాడట. వాళ్ళు వెళ్ళేటప్పటికి అది ఇంకా తిరుగుతూనే ఉంది. మర్నాడు పొద్దున వాళ్ళలో ఒకాయన ముంగిలి దాటి వస్తుండటం కిటికీలోంచి చూసి, మాక్స్‌వెల్ పక్క మీది నుంచి దూకి, బొంగరాన్ని తిప్పేసి, మళ్ళీ దుప్పట్లో దూరాడని ఆయన జీవితచరిత్రలో ఉంది. వచ్చినాయన కంటికి రాత్రి తిరిగిన బొంగరానికీ అప్పుడే తిప్పిన బొంగరానికీ ఏం తేడా ఉంటుంది? రెండూ బూడిదరంగే.

గదిలో నలుగురికి చూపడం ఒకటి, వీధిలో నాలుగు వందల మందికి చూపడం మరొకటి. ఆ రెండోది జపాన్‌ వాళ్ళు సాధన చేశారు. టోక్యోను ఎదో అని పిలిచే రోజుల్లో అసాకుసా గుడి దగ్గర మత్సుయి గెన్సుయి అనే వంశపేరు గలవాళ్ళు పళ్ళపొడి, మందులు అమ్మేవాళ్ళు. జనాన్ని పోగుచెయ్యడానికి బొంగరాల విద్య చూపేవాళ్ళు. విద్య కనబడకపోతే జనం ఆగరు, జనం ఆగకపోతే పళ్ళపొడి అమ్ముడుపోదు. కంటికి ఆనడం వాళ్ళకు తిండికి సంబంధించిన విషయం. ఆ వంశం బృందం 1867లో లండన్‌లో కూడా ప్రదర్శించింది. టోక్యోలో 1875 నుంచి 1879 దాకా ఇంజనీరింగు చెప్పిన జాన్ పెర్రీ ఇంగ్లండుకు తిరిగొచ్చాక, 1890లో లీడ్స్‌లో కార్మికుల కోసం బొంగరాల మీద ప్రసంగించాడు. అది పుస్తకంగా వచ్చి ఎన్నో ఏళ్ళు చదివించుకుంది.

జపాన్ విద్యల్లో పేరుపడ్డది కత్తి అంచు మీద బొంగరాన్ని నడిపించడం. వెడల్పాటి బొంగరం, సన్నని ఇనప ఇరుసు. తిరిగే బొంగరాన్ని కత్తి అంచు మీద నిలిపి, కత్తిని మెల్లగా వాల్చితే, అంచు వెంట ఆ చివర నుంచి ఈ చివరకు జరుగుతుంది. విసనకర్ర అంచు మీద, బిగించి పట్టిన దారం మీద కూడా నడిపిస్తారు. నాకు ఇందులో గొప్పగా అనిపించేది ఒకటుంది: చూసేవాడికి తిరుగుడు కనబడాల్సిన అవసరమే వాళ్ళు తీసేశారు. తిరుగుడు కంటికి అందదు, కానీ పడాల్సింది పడకపోవడం ఎవరికైనా అందుతుంది. తళతళలాడే కత్తి పొడుగాటి గీత. దాని మీద ఒక గుండ్రని వస్తువు నెమ్మదిగా జరుగుతోంది. అంత దూరం నుంచీ కంటికి కావలసిందంతా అందులో ఉంది. నన్నడిగితే, బొంగరాన్ని తిప్పకుండా ఒకసారి కత్తి మీద పెట్టి, అది పడిపోవడం చూపించి, ఆ తర్వాతే విద్య మొదలుపెట్టాలి. లేకపోతే వెనక వరుసలో ఎవరో ఒకరు అది కత్తికి అతికించారని అనుకుంటారు. ఇక ప్రతి విద్యకూ ముందు ఏం జరగబోతోందో గొంతెత్తి చెప్పడం వాళ్ళ పద్ధతి. మన జాతరల్లో గారడీవాడు డోలు కొట్టి, మాటలతో ఊరించి, అప్పుడు గంప ఎత్తినట్టే. ఎటు చూడాలో తెలిసిన కన్ను రెట్టింపు చూస్తుంది.

మన పిల్లల విద్యల్లో అందమైనది, విసిరిన బొంగరాన్ని నేలకు తాకకముందే తాడుతో లాగి గాలిలో అరచేతిలోకి తీసుకోవడం. అది చేసే పిల్లవాడి చేతిలో కర్ర రంగు బొంగరం, కర్ర రంగు అరచెయ్యి, మట్టిరంగు తాడు, వెనక మట్టిగోడ. పది అడుగుల దూరం నుంచి చూస్తే వాడు చెయ్యి చాపినట్టు మాత్రమే ఉంటుంది. ఇక్కడ తాడుకు సున్నం రాస్తే సగం పని అయిపోతుంది. తాడు సన్నం కదా, దూరానికి ఆనుతుందా అనే అనుమానం అక్కర్లేదు. రెండు చుక్కలను విడివిడిగా గుర్తుపట్టడానికి కంటికి నిమిషం కోణం ఎడం కావాలి. పొడుగాటి గీత ఉందని తెలియడానికి అందులో నూటికో వంతు చాలు. 1939లో హెక్ట్, మింట్జ్ కొలిచినప్పుడు, మంచి వెలుగులో తేటగా ఉన్న నేపథ్యం మీద అర సెకను కోణం మందమున్న తీగ కూడా కనిపించింది. 30 మీటర్ల దూరంలో తలవెంట్రుక అంత! గీతకు కావలసింది లావు కాదు, నేపథ్యంతో తేడా. తెల్ల తాడుకు నల్లని తెర, ముదురు చొక్కా. బొంగరానికి అరచేతిలో కలిసిపోని తెల్లని నడుంపట్టీ. విద్య చేసేవాడు వెలుగుకు ఎదురుగా నిలబడాలి, వెలుగు వెనకుంటే అంతా నీడే.

చెవిని కూడా వాడుకోవచ్చు. కన్ను సెకనుకు 50 దాటితే చేతులెత్తేస్తుంది. చెవి దాదాపు ఆ దరిదాపుల్లోనే స్వరం వినడం మొదలుపెడుతుంది. బోలు బొంగరానికి చుట్టూ పది రంధ్రాలు పెడితే సెకనుకు 30 చుట్లకు 300 ఊపుల గుయ్‌మనే నాదం వస్తుంది. వేగం తగ్గేకొద్దీ శ్రుతి దిగుతుంది. ఆ బడిలో ముందు బెంచీ అమ్మాయి విన్నది ఇలాంటి మోతే.

కెమెరా విషయంలో ఒక్క జాగ్రత్త. సెకనుకు 30 బొమ్మలు తీసే ఫోనుతో, సెకనుకు 30 చుట్లు తిరిగే బొంగరాన్ని ఎండలో తీస్తే, గుర్తు ప్రతి బొమ్మలోనూ ఒకే చోట పడి, బొంగరం నిలిచిపోయినట్టు వస్తుంది. కాస్త నెమ్మదిస్తే వెనక్కి తిరుగుతున్నట్టు వస్తుంది. సినిమాల్లో బండి చక్రాలు వెనక్కి తిరిగినట్టే. పాతకాలం చోక్ ఉన్న ట్యూబులైటు కూడా ఇదే చేస్తుంది. మన కరెంటుకు అది సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. నాలుగు గీతల బొంగరం వేగం తగ్గుతూ సెకనుకు 25 చుట్లకు వచ్చినప్పుడు, దాని కింద గీతలు ఒక్క క్షణం స్పష్టంగా నిలబడి, తర్వాత మెల్లగా వెనక్కి పాకుతాయి. బొంగరం విద్య చూపాలంటే ఎండే మంచిది.

కొన్నాళ్ళకు ఆ బడికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి 20 సెంటీమీటర్ల గుండ్రని అట్ట, మధ్యలో చిన్న పెన్సిల్ ముక్క, అంచున ఎదురెదురుగా అతికించిన నాలుగు రూపాయి బిళ్ళలు. సగం నల్ల కాగితం, సగం తెలుపు. బల్లను కిటికీ పక్కకు జరిపి, పిల్లలు కిందికి చూసేలా వెనక వరుసలవాళ్ళను బెంచీల మీద నిలబెట్టాను. తిప్పగానే అట్ట రెపరెపలాడింది. మోత ఏమీ లేదు. ఎవరూ ఆగిపోయిందనలేదు. కాసేపటికి రెపరెప మందగించి, నలుపు వేరుగా, తెలుపు వేరుగా కనిపించసాగాయి. అట్ట ఇంకా నిటారుగానే ఉంది.

"పడిపోతుంది సార్ ఇప్పుడు" అన్నాడు వెనక కుర్రాడు, బెంచీ మీద నుంచి.

"ఇంకా నిలబడే ఉందిగా" అంది ముందు బెంచీ అమ్మాయి.

"నిలబడింది. పడుతుంది చూడు."

అట్ట ఒక పక్కకు వాలింది, సర్దుకుంది, మళ్ళీ వాలింది. రూపాయి బిళ్ళ బల్లకు తగిలి టింగుమంది.